పేపర్, రొట్టె, మా డాడీ

కోరుట్లలో మా చెల్లెలి బిడ్డ రజిత ఇంటికి నేను పోయింది పచ్చడికి మామిడికాయలు తెచ్చుకుందామని. జగిత్యాల నుంచి బస్సులో ఉక్కపోతకు ఉడికిపోయి వచ్చి అలా కూర్చున్నానో లేదో, మంచినీళ్ల కంటే ముందు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెద్దమ్మా, మన సహస్రను జూడు. బడోళ్లు వీడియో పెట్టిన్రు. ఊరంత జూస్తున్నరు," అంది. సహస్ర రజిత కూతురు, రెండో తరగతి చదువుతోంది. చూశాను. గోడంత టీవీ, దాని ముందు టై కట్టుకుని రెండు జడలతో మా పిల్ల. టీవీలో ఎర్రబంతి ఒకటి గిరగిరా తిరుగుతోంది. మనిషి కనబడకుండా టీచరమ్మ గొంతు మాత్రం వినబడుతోంది. ఫ్లాట్‌గా ఉండేవి ఏమిటో మూడు చెప్పమంటోంది. పిల్ల వేళ్లు మడుస్తూ, ఏమాత్రం తడుముకోకుండా, "పేపర్, రొట్టె, మా డాడీ" అంది. టీచరమ్మ పకపకా నవ్వింది. ఆమె నవ్విందని పిల్లలంతా నవ్వారు. ఆ నవ్వు చాలదని ఎవడో పనిలేనివాడు కూర్చుని దానికి బాకా ఊదిన చప్పుడు తగిలించాడు, కళ్లనీళ్లు కారేలా నవ్వే పచ్చమొహాలు చల్లాడు, చివరన బడి పేరు వేసి అడ్మిషన్లు జరుగుచున్నవి అని రాశాడు. నాకు రోత పుట్టింది. తినే కంచంలో ఎవరో వచ్చి ఉమ్మేసి పోయినట్టయింది.

సహస్ర తండ్రి నరేష్ మస్కట్‌లో పనిచేస్తాడు. పిల్ల పాకే రోజుల్లో పోయాడు. మధ్యలో ఒక కంపెనీ మూతబడింది, ఇంకోదాంట్లో చేరాడు, ఏవో కాగితాల చిక్కుల్లో పడ్డాడు, ఇంతవరకు ఇంటి మొహం చూడలేదు. ఆ పిల్లకు తండ్రి అంటే సాయంత్రంపూట ఫోనులో వెలిగే మొహం. అన్నం తినేటప్పుడు ఫోనును చెంబుకు ఆనించి నిలబెడతారు, అందులోంచి ఆయన తినమ్మా తినమ్మా అంటాడు. అయిపోయాక ఫోను బోర్లా పెడతారు, ఇక ఆయన ఉండడు. అటువంటి పిల్లను పట్టుకుని చదునుగా ఉండేవి చెప్పమంటే ఇంకేం చెబుతుంది? నన్నడిగితే ఆ గదిలో పాఠం అర్థమైంది ఆ ఒక్క పిల్లకే. గాజు పలక మీద బొమ్మ తిప్పుతూ ఇదిగో ఇదే ఘనాకారం అని చెబుతున్న టీచరమ్మకు కూడా అర్థం కాలేదు.

"వీడియో అచ్చిన కాడినుంచి వాళ్ల డాడీతోటి మాట్లాడుతలేదు పెద్దమ్మా," అంది రజిత, మామిడికాయలు సంచిలో వేస్తూ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు. "ఫోన్ దెస్తె బాత్‌రూంల దూరి గొళ్లెం వెట్టుకుంటది. నాలుగొద్దులైతే అదే మాట్లాడుతది తియ్. ఆయనకు గూడ ఆడ క్యాంపుల జూపెట్టిన్రట. ఫ్లాట్ డాడీ, ఫ్లాట్ డాడీ అని ఒకటే నవ్వుడట."

"అది జూసి నీకేమనిపించిందే?" అన్నాను.

"నవ్వచ్చింది పెద్దమ్మా. ఇంతకుముందు ఎవలన్న మనింటి పిల్లను గుర్తువట్టిన్రా? గిప్పుడు బజార్ల పోతుంటె సహస్రోళ్ల మమ్మీ అని పిలుస్తున్నరు." ఆ మాట అంటున్నప్పుడు దాని మొహం వెలిగిపోయింది.

పిల్ల వంటింటి గడప మీద కూర్చుని సాక్సు దారం పీకుతోంది. పక్కన చతికిలబడి, డాడీతో ఎందుకు మాట్లాడడం లేదని అడిగాను. ఆ దారం మొత్తం పీకేశాక, "ఫోన్ల డాడీ గూడ నవ్విండు అమ్మమ్మా," అంది.

రజిత మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఆ వెలిగే మొహాన్ని నేను ఇంతకుముందే చూశాను. అది మా అవ్వ మొహం. మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. బడి తన బిడ్డను వాడుకుంటుంటే, బడి తన బిడ్డను గుర్తించిందని మురిసిపోయిన తల్లి మొహం. ఆ సంగతి చెప్పాలంటే మా పల్లెకు, మా ఇంటి కంపులోకి వెళ్లాలి.

మాది గంభీరావుపేట దగ్గర పల్లె. బాపు, అంటే మా నాన్న, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, అవ్వ బీడీలు చుట్టేది. చిన్ననాటి వాసనల గురించి రాసేవాళ్లు కళ్లు మూసుకుని పరవశించిపోవడం నేను చాలా చదివాను. నాకటువంటి పరవశం ఏమీ లేదు. మా ఇంట్లో తంబాకు పొడి అన్నంలో పడేది, మంచినీళ్ల కుండలో తేలేది, మా దగ్గులో ఉండేది. బీడీ చుట్టే తునికాకు మెత్తబడడానికి తడి గోనెలో చుట్టి మూలన పెట్టేవాళ్లు, ఆ మూల ఎప్పుడూ మురిగిన వాన వాసన. దాని పక్కనే లొట్లు, అంటే బాపు కల్లుకుండలు, పులిసిన కల్లు మీద ముసిరే ఈగలు. బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి, కత్తిరించగా మిగిలిన ఆకు పేలికలన్నీ పొయ్యిలో వేసేది. ఆ పొగకు ఇల్లంతా కళ్లు మండేవి. వద్దంటే వినేది కాదు, ఊరికే వచ్చింది పారేస్తారా అనేది. మధ్యమధ్య అవ్వ చేటలోంచి చిటికెడు తంబాకు తీసి చిగుళ్లకు రాసుకునేది. అవ్వ చూసేది, ఏమీ అనలేక ముక్కు ఎగబీల్చేది. అత్తాకోడళ్ల మధ్య కొట్లాట అంతా ఆ ముక్కు ఎగబీల్పులోనే జరిగిపోయేది.

బాపు తెల్లవారుజామున పోయి పొద్దెక్కాక వచ్చేవాడు. ఆయన ఛాతీ మీద తాటిచెట్టు రాసుకుని రాసుకుని చర్మం నల్లగా గట్టిపడి, చెప్పు అడుగు తోలులా ఉండేది. నేను పరుగెత్తుకుంటూ పోయి గుద్దుకుంటే నాకే దెబ్బ తగిలేది. ఆయన ఇంట్లో ఉన్నాడంటే చెమట, కల్లు కలిసిన పులుపు ఇల్లంతా తెలిసేది, లేడంటే అదీ తెలిసేది. మాటలు తక్కువ. అన్నం ముందు కూర్చుంటే ముద్ద ముద్దకూ మధ్య ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగేవాడు. ఏమాలోచిస్తున్నవని అవ్వ అడిగితే ఏం లేదనేవాడు, నిజంగానే ఏమీ లేదేమో.

బడి నుంచి రాగానే నా పని ఆకు కత్తిరించడం. అరచేతిలో సగమంత రేకు ముక్క ఒకటి ఉండేది. దాన్ని ఆకు మీద పెట్టి చుట్టూ కత్తెర తిప్పితే, ఈనెలు తప్పించి, నాలుగు మూలల చదును ముక్క వచ్చేది. అవ్వ దాంట్లో తంబాకు పోసి, వేళ్లతో ఒక్క విసురు విసిరి చుట్టి దారం కట్టేది. ఒక మూతి సన్నగా, ఒక మూతి వెడల్పుగా బీడీ తయారయ్యేది. మూతి మడిచే పని మళ్లీ నాది. చుట్టడం కూడా ఎప్పుడు నేర్చుకున్నానో నాకు గుర్తు లేదు. మా వైపు ఆడపిల్లలు నడక ఎప్పుడు నేర్చారో గుర్తుంచుకోనట్టే దాన్నీ గుర్తుంచుకోరు.

మా బడి ఒక్కటే గది, ఒక్కడే సారు. ఆయన పేరు చెప్పను, ఆయన మనవలు ఎక్కడో మర్యాదగా బతుకుతుండి ఉంటారు. ఒకనాడు ఆయన సమతలాకారాలు, ఘనాకారాలు పాఠం మొదలుపెట్టాడు. చదునుగా ఉన్నది ఒకటి, చేతికి నిండుగా తగిలేది ఒకటి రేపు ప్రతి ఒక్కరూ ఇంటినుంచి తేవాలన్నాడు. ఇంతవరకు మంచి సారే, నేను కాదనను. మర్నాడు ఒకడు మోదుగాకు, ఆడుకునే గోళీ తెచ్చాడు. ఒకతె జొన్నరొట్టె, దోసకాయ తెచ్చింది, ఆ రెండూ సారు టిఫిన్ డబ్బా మీదికి చేరాయి. నేను కత్తిరించిన తునికాకు ముక్క ఒకటి, బీడీ ఒకటి పట్టుకుపోయాను. నిలబడి, "గీ ఆకు చదును సార్. గిదే ఆకును సుడితె గిట్లయితది," అన్నాను. ఆ మాట అప్పుడే అక్కడే నాకు తట్టింది. ఒకే ఆకు రెండూ అవుతుందని తట్టేసరికి నాకు లోపల గంతులేసినట్టయింది. సారు శభాష్ అంటాడనుకున్నాను.

సారు బీడీ తీసుకుని వేళ్లమధ్య తిప్పి చూశాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి వెలిగించాడు. తరగతి మధ్యలో, మా అందరి ముందు, ఒక దమ్ము గట్టిగా పీల్చి పైకి వదిలాడు. "మంచిగ గుంజుతుంది. ఎవలు సుట్టిన్రే?" అన్నాడు. నేనే అన్నాను. "అయితే రేపటి సంది చేట దెచ్చుకో," అన్నాడు. ఆ రోజు నా పాఠం అక్కడితో పొగైపోయింది.

మర్నాటి నుంచి బీడీలిండ్ల ఆడపిల్లలం వెనక గోడకు ఆనుకుని, ఒళ్లో చేటలు పెట్టుకుని, సారుకు బీడీలు చుట్టడం మొదలుపెట్టాం. ముందు వరసలో మగపిల్లలు, నల్లబల్ల మీద వృత్తం, చతురస్రం. మాకు సారు గొంతు వినిపించేది, బల్ల కనిపించేది కాదు. మేం తల ఎత్తితే పని ఆగేది, పని ఆగితే ఆయన చేతిలోని సుద్దముక్క మా మీదికి ఎగిరొచ్చేది. ఇంట్లో తంబాకు, బడిలోనూ తంబాకు. బడి వాసన వేరుగా ఉంటుందని, కొత్త పుస్తకం వాసన అని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ వింతగా చూస్తాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు నా అవ్వ మొహం వెలిగింది. నేను చెప్పాలనుకున్నది ఇదే. "ఊర్ల గింతమంది సుడుతరు. సారుకు నా బిడ్డ చెయ్యే నచ్చింది," అని ఇంటి ముందు నుంచి పోయే ప్రతి మనిషికీ చెప్పింది. సారు కోసమని ఈనె లేని లేత ఆకు ఏరి వేరే గోనెలో కట్టి పెట్టేది. బాపమ్మ ఆ గోనె మీద చెయ్యి వేస్తే గద్దించేది. బాపు మాత్రం విన్నాడు, ముద్ద ముద్దకూ మధ్య ఆగాడు. "మరి సదువు?" అన్నాడు. "సదువుకుంటనే సుడుతది," అంది అవ్వ. ఆయన మళ్లీ ముద్ద అందుకున్నాడు.

కొంతకాలానికి పైనుంచి అధికారి ఒకాయన జీపులో దిగాడు. దూరంగా దుమ్ము చూసి సారు హడలిపోయి, మా చేటలన్నీ గోనెపట్ట కిందికి తోయించి, వాటి మీద మమ్మల్ని కూర్చోబెట్టాడు. అధికారి లోపలికొచ్చి ముక్కు చిట్లించాడు. ముందు వరస పిల్లల్ని వదిలేసి, ఏం బుద్ధి పుట్టిందో, నేరుగా నా దగ్గరికొచ్చి, "ఒక ఘనాకారం చూపించమ్మా" అన్నాడు. నాకు పేర్లు రావు. గోళమా, స్థూపమా, నేను వెనక కూర్చుని వాటి చప్పుడు విన్నానే తప్ప మొహం చూడలేదు. కానీ అడిగింది చూపించమని కదా. నా కిందనుంచి చెయ్యి పెట్టి, చుట్టిన బీడీల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టాను. "గిది సార్," అన్నాను. అందులో కొంటెతనం ఏమీ లేదు. నాకు తెలిసినది అదొక్కటే.

ఆ క్షణంలో ఏదైనా న్యాయం జరుగుతుందని మీరు అనుకుంటుంటే, ఇటువంటివి జరిగే తీరు మీకు తెలియదన్న మాట. అధికారి కట్టను చూశాడు, సారును చూశాడు, సారు మొహం పాలిపోయింది. అప్పుడాయన పెద్దగా నవ్వి, కట్టను తన కోటు జేబులో వేసుకుని, "బాగున్నాయి మాస్టారూ మీ బోధనోపకరణాలు," అని జీపెక్కాడు. నన్ను మళ్లీ చూడలేదు. జీపు ఊరు దాటాక సారు చింతబరిగె తెప్పించి నన్ను బాదాడు. రేపటినుంచి బడికి రావొద్దన్నాడు. నేను ఏడ్చుకుంటూ ఇంటికి పోతే, సంగతి విన్న అవ్వ ఇంకో రెండు అంటించింది. "సారు ఇజ్జత్ దీసినవ్ గదనే!" అని నెత్తి కొట్టుకుంది. సారు ఇజ్జత్ బీడీకట్టలో ఉందని, దాన్ని నేను తీశానని ఆమె నిజంగా నమ్మింది.

మర్నాడు పొద్దున బాపు చెట్టు దిగి ఇంటికి రాలేదు. లొట్టి భుజాన పెట్టుకుని నేరుగా సారు ఇంటికి పోయాడు. నేను వెనకాలే పోయి దడి చాటున నిలబడ్డాను. సారు మంచం మీద పడుకుని ఉన్నాడు, లేవలేదు. బాపు గడప బయటే నిలబడి, తాటాకు దొప్ప మడిచి ఇచ్చి, అందులో కల్లు పోశాడు. సారు తాగాడు, మళ్లీ పోయమన్నట్టు దొప్ప చాచాడు. మూడోసారి పోస్తూ బాపు అన్నాడు, "బిడ్డను ముందట కూసోవెట్టుండ్రి సార్. బీడీలు ఇంటికాడ దాని అవ్వ సుట్టిస్తది. బిడ్డను మాత్రం ముందట కూసోవెట్టుండ్రి." ఆయన ఒక్కపూటలో అన్ని మాటలు మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. సారు మీసం తుడుచుకుని, "సూద్దాం తియ్. రేపు గిట్లాంటిదే తేవాలె," అన్నాడు.

అట్లా నేను ముందు వరసకు వచ్చాను. సారు ఆ ఊరు వదిలిపోయేదాకా ఆయన వాకిట్లోకి రోజూ మొదటి కల్లు పోయింది, అవ్వ చుట్టిన బీడీలు పోయాయి. నేను వృత్తం నేర్చాను, గోళం నేర్చాను, శంకువు నేర్చాను. ఆ చదువుతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను, ఆ చదువుతోనే ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నాను. నా చదువులో ఆ కల్లు వాసన ఉంది. బాపు మీద ప్రేమ, ఆ మంచం మీది మనిషి మీద అసహ్యం ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, విడదీద్దామంటే రావు.

పంతులమ్మనయ్యాక రుద్రంగిలో, పెగడపల్లిలో అదే పాఠం నేనూ చెప్పాను. ఒక బడికి సర్కారు రంగురంగుల ప్లాస్టిక్ దిమ్మెల పెట్టె పంపింది. హెడ్మాస్టరు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు విరగ్గొడతారట. పిల్లలు వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూసి పోయేవాళ్లు. ఇంకోసారి సిరిసిల్లలో మాకు శిక్షణ పెట్టారు. బట్ట తానులు గుండ్రంగా చుట్టి వీధి వీధిన గోడలకు ఆనించి పెట్టిన ఊరు అది. ఆ ఊళ్లో కూర్చోబెట్టి, స్థూపం ఎట్లా ఉంటుందో మాకు కాగితం మీద గీసి చూపించారు. కిటికీలోంచి మరమగ్గాల చప్పుడు వస్తుంటే డిస్టర్బెన్సని తలుపులు మూయించారు. నేను నా తరగతిలో పిల్లలకు కళ్లకు గుడ్డ కట్టి, ఆలుగడ్డ, ఇటుకముక్క, ఆకు, పలక చేతికిచ్చి తడమమనేదాన్ని. పిల్లల చేతులు మురికవుతున్నాయని తల్లులు వచ్చి కొట్లాడారు. అది కూడా చూశాను.

ఇదంతా మోసుకుని తిరిగే మనిషిని కాబట్టి ఆ రోజు కోరుట్లలో మామిడికాయల సంచి అక్కడే వదిలేసి సహస్ర బడికి బయల్దేరాను. రజిత కొంగు పట్టుకుని వెనక్కి గుంజింది. "స్కూలోళ్లతోటి మనకు లొల్లెందుకు పెద్దమ్మా? రేపు పిల్లను సతాయిస్తరు," అంది. నేను వినలేదు.

బడి నడిపే ఆయన చల్లటి గదిలో కూర్చుని ఉన్నాడు, పడుచువాడే, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు. వీడియో తీసేయమన్నాను. "నెగెటివ్‌గ దీసుకోకుండ్రి మేడం. పాప మస్తు క్యూట్‌గ చెప్పింది. మీ పాపకే గదా పేరు," అన్నాడు.

"దాని తండ్రి ఎండల సచ్చి పనిజేస్తుండు. ఆయనను నవ్వులపాలు జేస్తె పిల్లకు పేరెట్లస్తది?"

"గట్లెందుకనుకుంటరు మేడం? యాన్యువల్ డేకు పాపకు ప్రైజ్ గూడ ఇద్దామనుకున్నం."

"ఏమని ఇస్తవ్? తండ్రిని సూడలేదనా?"

ఆయన టీచరమ్మను పిలిపించాడు. ఆ అమ్మాయికి ఇంకా పాతికేళ్లు ఉండవు. భయంతో దుపట్టా కొస నలుపుతూ నిలబడింది. ఆమె మీద విరుచుకుపడదామనే నేను పోయింది. నేను నోరు తెరవకముందే ఆమె అంది, "నేను నవ్వద్దుండె మేడం. మా నాయిన గూడ దుబాయ్‌లనే ఉంటుండె."

"మరెందుకు నవ్వినవ్ బిడ్డా?"

ఆమె ఆయన వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "సార్ కెమెరా వట్టుకోని ముందట నిలవడ్డడు మేడం," అంది.

ఆ అమ్మాయిని ఇంకేం అనను? లేచి వచ్చేశాను. సాయంత్రానికి ఆయన వీడియో తీసేశాడు, కాదనను. కానీ అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో పాకిపోయింది. వారం తిరక్కుండా జగిత్యాలలో మా పక్కింటావిడ అదే తెచ్చి, ఎవరి పిల్లో గాని భలే నవ్వొస్తుందండీ అని నాకే చూపించింది. మా సారు నా చేతి బీడీ తాగి పారేశాడు, అక్కడితో అయిపోయింది. ఇప్పటివాళ్లు పిల్ల నోటి మాటను పట్టుకుపోయారు, అది ఎప్పటికి ఆరుతుందో ఎవరికీ తెలియదు. ఏ కాలం నయమని ఎవరైనా అడిగితే నేను పక్కకు తిరిగి ఉమ్మేస్తాను. అయినా ఒక తేడా మాత్రం ఉంది. నాకు దెబ్బ తగిలినప్పుడు మా బాపు లొట్టి ఎత్తుకుని పోగలిగినంత దూరంలో ఉన్నాడు.

నరేష్‌కు నేనే ఫోను చేశాను. నీ బిడ్డ నీ నవ్వు విన్నదని చెప్పాను. వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. "నవ్వకుంటె ఏడుస్తుంటి అత్తమ్మా. రూముల అందరున్నరు," అన్నాడు. తర్వాత, "లీవు అడుగుత. ఇయ్యకుంటె ఇడిశిపెట్టి వస్త," అన్నాడు. పిల్లతో మాట్లాడించమని మాత్రం అడగలేదు. మళ్లీ గొళ్లెం పడుతుందని ఆయన భయం.

వానలు మొదలయ్యాక వచ్చాడు. నేను ముందురోజే కోరుట్ల చేరాను. ఇల్లంతా చుట్టాలు. మనిషి వస్తున్నాడని వచ్చినవాళ్లు ఎంతమందో చెప్పలేను గాని, ఒక్కరి చెయ్యి కూడా ఖాళీగా లేదు. అందరూ ఫోన్లు ఎత్తి గుమ్మం వైపు పట్టుకుని నిలబడ్డారు. రజిత నా చెవిలో, "స్కూల్ సార్ ఫోన్ జేసిండు పెద్దమ్మా. డాడీ అచ్చినప్పుడు పాప ఎట్ల జేసిందో వీడియో దీసి పంపుమన్నడు. గీసారి మంచిగ, ఏడుపచ్చేటట్టు పెడతరట," అంది. ముందు నవ్వు అమ్మారు, ఇప్పుడు ఏడుపు అమ్ముతారట. నాకు ఒళ్లంతా పురుగులు పాకినట్టయింది. జీవితమంతా తరగతిలో అరిచిన గొంతు ఒకటి నాకింకా మిగిలి ఉంది. "దింపుండ్రి ఫోన్లు! దింపకుంటె ఒక్కొక్కటి గుంజుకపోయి నీళ్ల డ్రమ్ముల ఏస్త!" అన్నాను. ఒకరి తర్వాత ఒకరు దింపారు. అందరికంటే ఆఖర్న దింపింది రజిత.

నరేష్ టేపు చుట్టిన పెద్ద సంచితో లోపలికొచ్చి, ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఫోనులో కంటే నల్లగా, ఫోనులో కంటే చిన్నగా ఉన్నాడు. పిల్లను పిలవలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా. సహస్ర వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. అటునుంచి చాలాసేపు అతని మొహం చూసింది. ఆ మొహం దానికి తెలిసిందే, అందులో కొత్తేమీ లేదు. అప్పుడు తలుపు వదిలి వచ్చింది. అతని ముందుకు రాలేదు. గోడవారగా నడిచి, కుర్చీ చుట్టూ తిరిగి, అతని వెనక్కి పోయి నిలబడింది. నరేష్ కదల్లేదు, ఊపిరి కూడా బిగబట్టాడనుకుంటాను.

"మమ్మీ, డాడీకి ఎనుక ఎంటికలు లెవ్వు!"

రజిత గబగబా పోయి చూసింది. నడినెత్తిన, వెనక వైపు, అరచేయంత మేర బోడిగా ఉంది. రజితకూ తెలియదు. "ఎప్పటినుంచయ్యా?" అంది. నరేష్ సిగ్గుపడి అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఫోన్ల ముందటనే గదా కనవడేది," అన్నాడు.

పిల్ల ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది. ఆ బోడిచోట తన అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

"ఎచ్చగున్నది," అంది.